రోజూ నడిపే 1966 మస్టాంగ్: ఇంట్లో బాగుచేసుకుని ఏళ్ళు గడిచాక నా అభిప్రాయం

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు నా కారు చూడగానే అడిగేది ఒకటే, ఇంత పాత బండిని రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళొచ్చా అని. నిక్షేపంగా తీసుకెళ్ళొచ్చు. నాది 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్ (పైకప్పు రేకుది, కన్వర్టిబుల్ కాదు), 289 క్యూబిక్ అంగుళాల వీ8, రెండు బ్యారెళ్ళ కార్బురేటర్, సీ4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఫోర్డ్ లెక్కలో ఆ ఇంజన్ 200 హార్స్‌పవర్. ఇంజన్ గురించి ఇంతకు మించి రాయను, ఎందుకంటే ఈ కారులో చాలినంత బలం ఉన్నది దానికే. కొత్తగా కొన్నవాళ్ళు ముందు నాలుగు బ్యారెళ్ళ కార్బురేటర్, పెద్ద క్యామ్ (ఇంజన్ వాల్వులు తెరిచే కడ్డీ) అంటూ దాని మీదే డబ్బు పోస్తారు, నాకది అస్సలు నచ్చదు. ముందు నీళ్ళు లోపలికి రాకూడదు, తర్వాత బండి ఆగాలి, ఆ తర్వాతే ఏదైనా.

నీళ్ళ సంగతి చెప్తాను. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి వెళ్ళడానికి చీలికలున్న రేకు ఉంటుంది, దాన్ని కౌల్ అంటారు. వాన నీళ్ళు కూడా ఆ చీలికల్లోంచే దిగి పక్కల నుంచి బయటికి పోవాలి. కారు లోపలికి గాలి వచ్చే రంధ్రం చుట్టూ మాత్రం నీళ్ళు రాకుండా టోపీలా ఒక అంచు నిలబెట్టి ఉంటుంది. ఆ అంచు అడుగున ఏళ్ళ తరబడి ఆకులూ మట్టీ పేరుకుని, తడి ఆరక, తుప్పు పట్టి చిల్లులు పడతాయి. అక్కణ్ణుంచి ప్రతి వానా మీ కాళ్ళ మీదే. కొనే ముందు ఒకరు ఆ చీలికల మీద పైపుతో నీళ్ళు వదలాలి, ఇంకొకరు డాష్‌బోర్డు కింద టార్చి పట్టుకుని పడుకుని చూడాలి. మా ఆవిడ పైపు పట్టుకుంది, నేను కింద పడుకున్నాను. హీటర్ పెట్టె పక్క నుంచి ముందు ఒక్కో చుక్కా, నిమిషం తిరక్కముందే సన్నటి ధార. కార్పెట్ ఎత్తితే ఫ్లోర్ రేకు వేలితో నొక్కగానే అప్పడంలా విరిగింది. అలాంటప్పుడు ఫ్లోర్ ఒక్కటే మార్చి పైన వదిలేస్తే కొత్త రేకు కూడా అదే దారి పడుతుంది. సరిగ్గా చేయాలంటే స్పాట్ వెల్డులన్నీ ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి పై రేకు ఊడదీసి, కొత్త ముక్క వెల్డ్ చేసి, సీలర్ పూసి మళ్ళీ మూయాలి. మొత్తం పనిలో ఎక్కువ వారాంతాలు దీనికే పోయాయి, కానీ అప్పట్నుంచీ ఎంత పెద్ద వానలో వెళ్ళినా కార్పెట్ పొడిగా ఉంటోంది. రేకులకు కొదవ లేదు, ఈ కారుకు దాదాపు ప్రతి ముక్కా ఇప్పటికీ కొత్తగా తయారై వస్తోంది. పాత అమెరికన్ కార్లలో మస్టాంగే ఎందుకంటే నా జవాబు అదే.

ఇక బ్రేకులు. 1966 మస్టాంగ్‌లలో, పెడల్ తొక్కగానే బ్రేకు నూనెను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌కు ఒకటే గది, అంటే నాలుగు చక్రాల్లో ఎక్కడ లీకైనా పెడల్ నేలకంటుతుంది. 1967 నుంచి రెండు గదులవి వచ్చాయి. నేను రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేసి, ముందు డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టి, వెనక డ్రమ్ములకు ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టుకున్నాను. పొద్దున్నే ట్రాఫిక్‌లో ముందు వాడు సడన్‌గా ఆగినా ఇప్పుడు టెన్షన్ లేదు. వీ8 మస్టాంగ్‌కు చక్రానికి ఐదు బోల్టులు, ఆరు సిలిండర్ల దానికి నాలుగే, కాబట్టి ఆరు సిలిండర్ల కారు కొనేవాళ్ళు డిస్కులతో పాటు చక్రాల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. అలాగే పాత 14 అంగుళాల చక్రాలు కొన్ని కాలిపర్లకు (డిస్కును పట్టి ఆపే భాగాలకు) తగులుతాయి, కొలిచి కొనండి.

పిల్లల్ని ఎక్కించుకునేవాళ్ళు ఇంకో రెండు పనులు చేసి తీరాలి. ఈ కారులో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల, దానికీ వెనక సీటుకూ మధ్య గట్టి గోడంటూ ఏమీ లేదు. అక్కడ స్టీలు ప్లేటు బిగించాను. అప్పట్లో వచ్చిన నడుము బెల్టులు తీసేసి, పైకప్పును మోసే వెనక పిల్లర్లో నట్టు వెల్డ్ చేయించి, ముందు సీట్లకు భుజం బెల్టులు పెట్టాను. ఇవేవీ బయటికి కనపడవు, ఫొటోల్లో రావు, అందుకే ఎవరూ మాట్లాడరేమో.

తక్కువ డబ్బుతో ఎక్కువ సుఖం ఇచ్చింది పెర్‌ట్రానిక్స్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు కోసం కరెంటును తెంపే పాయింట్లు తీసి ఆ చిన్న మాడ్యూల్ పెడితే మాటిమాటికీ గ్యాప్ సరిచూసుకునే పని పోతుంది. కాకపోతే కాయిల్‌కు వెళ్ళే పాత గులాబీ రంగు వైరు వోల్టేజీ తగ్గించే రెసిస్టెన్స్ వైరు, మాడ్యూల్‌కు కరెంటు దాన్నుంచి ఇవ్వకండి, పూర్తి 12 వోల్టులు ఇవ్వండి. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేయకండి, మాడ్యూల్ కాలిపోతుంది.

సస్పెన్షన్‌లో ముందు చక్రాలను బాడీకి కలిపే పై కంట్రోల్ ఆర్ముల బోల్టు రంధ్రాలను ఒక అంగుళం కిందికి దించాను. ఫోర్డ్ ఇంజనీరు క్లౌస్ ఆర్నింగ్ పేరుతో చెప్పుకునే మార్పు ఇది, మస్టాంగ్‌కు రేసు రూపమైన 1965 షెల్బీ జీటీ350లకు ఇదే చేశారు. నాలుగు రంధ్రాలు, ఒక అలైన్‌మెంటు, అంతే ఖర్చు. మలుపుల్లో టైరు రోడ్డును పట్టుకునే తీరే మారిపోయింది. ర్యాక్ స్టీరింగ్ కిట్ మాత్రం వద్దనుకుని పాత స్టీరింగ్ బాక్సునే విప్పి బాగుచేశాను, కొన్ని కిట్లతో కారు తిరగడానికి ఎక్కువ చోటు కావాలి.

ఏసీ లేకుండా టెక్సాస్ ఆగస్టులో ఈ కారును నడపమని ఎవరికీ చెప్పను. ఆర్134ఏ గ్యాస్ వాడే ఏసీ కిట్ పెట్టాను, దానికి పెద్ద రేడియేటర్, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ అనే తొడుగు, పెద్ద ఆల్టర్నేటర్ కూడా తప్పలేదు. మొదట కొన్న చవక రేడియేటర్ రెండో ఎండాకాలానికే అతుకుల దగ్గర కారింది, పేరు చెప్పను గానీ ఇక్కడ పొదుపు చేయకండి. ఇంజన్ ఆయిల్ జింక్ ఎక్కువున్నదే పోస్తాను, పాత క్యామ్‌కు అది కావాలి. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరుకు మార్చాను. మైలేజీ గ్యాలన్‌కు 15 మైళ్ళ చుట్టుపక్కల, అంతకు మించి ఆశించొద్దు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకు ఒక మాట. రోజూ నడపాలనుకుంటే యాంటిక్ నంబర్ ప్లేటు తీసుకోకండి, అది ప్రదర్శనలకూ పరేడ్‌లకూ క్లబ్ కార్యక్రమాలకూ ఉద్దేశించింది. క్లాసిక్ ప్లేటుకు ఆ ఇబ్బంది లేదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కూడా ఆఫీసుకు వెళ్ళి రావడం పాలసీలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి, పాత కార్ల పాలసీలు చాలావాటిలో అది ఉండదు.