ఎన్కతల గడ్డిలో ఏడాది

"ఏం పారేసుకున్నవ్ బిడ్డా?"

గొర్ల మందను తోలుకొస్తున్న తాత నన్ను అడిగిన మొదటి మాట ఇది. ఆషాఢంలో ఒక సాయంత్రం, అరగంటగా గడ్డిలో ఒక్కచోటే కూర్చుని నేలవైపు చూస్తున్నాను. కమ్మో పట్టీయో పోయిందనుకున్నాడు. పిట్టలు చూడ్డానికి వచ్చామని మా తమ్ముడు చెప్పాడు. తాత కర్ర చంకలో ఆనించుకుని ఆగాడు. "పిట్టలు చెరువు కాడ గద ఉండేది. ఈడ ఏమున్నది, గడ్డి" అన్నాడు. అని నాలుగడుగులు వేశాడో లేదో, ముందు నడుస్తున్న గొర్రె కాళ్ల సందులోంచి రెండు పూరేడు పిట్టలు బుర్రుమని లేచి, అంత దూరం పోయి మళ్లీ గడ్డిలో పడిపోయాయి. ఆ అరగంటా నేను వింటున్నది వాటి కూతే. విట్, విట్ అని తడిసిన గొంతుతో అరుస్తాయి. ఒక్కటీ కనపడదు.

ఇది వికారాబాద్ జిల్లా మోమిన్‌పేట మండలంలోని ఎన్కతల. హైదరాబాద్‌కు డెబ్బై కిలోమీటర్ల లోపే. మాది లింగంపల్లి కాబట్టి శంకర్‌పల్లి మీదుగా రెండు గంటలు కూడా పట్టదు. పిట్టలు చూసేవాళ్లలో ఈ ఊరి పేరు బాగా తెలుసు. బయటివాళ్లకు మాత్రం అది ఉత్త బీడు.

నేను కూడా చెరువులతోనే మొదలుపెట్టాను. అమీన్‌పూర్ చెరువు ఇంటికి దగ్గర. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో బాతులు, కొంగలు బాగా వస్తాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి చోటు లేదు. కానీ అపార్ట్‌మెంట్లు గట్టు దాకా వచ్చేశాయి. టెలిస్కోపులో పిట్ట వెనకాల ఎప్పుడూ ఎవరిదో బాల్కనీ, ఆరేసిన బట్టలు. సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యం అంతకు మించిన చోటు. పట్టెతల బాతులు హిమాలయాలు దాటి వచ్చి వాలేది అలాంటి నీళ్ల మీదే, ఒడ్డున మొసళ్లూ కనిపిస్తాయి. అయినా నాకు మనసు పట్టింది పొడి నేల మీదే. దక్కన్ పీఠభూమికి అసలు ముఖం అదే. ఎర్ర గుట్టలు, నల్లరేగడి చేలు, మధ్యలో మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ తుమ్మ, రేగు, ఈత. ఒకే చోటికి ఏడాదిలో అన్ని కాలాల్లోనూ పోవాలని అనుకున్నాం. ఆ తిరుగుడులో ఏ చోటు పనికొచ్చింది, ఎక్కడ ఉంటే బాగుంటుంది అన్నది ఇలా పోదలుచుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

వానాకాలంలో గడ్డి నేల వినే చోటు. చూపుకు దొరికేది తక్కువ. ఆరుద్ర కార్తెలో మొదటి వానలకే నేల మీద ఎర్ర మఖమల్ ముద్దల్లా ఆరుద్ర పురుగులు తేలతాయి. వేలు పెడితే కాళ్లు ముడుచుకుని చిన్న కుంకుమ బొట్టులా అయిపోతుంది. ఆ రోజుల్లోనే ఆఫ్రికా నుంచి చాతకం వస్తుంది. నలుపు తెలుపు ఒళ్లు, నెత్తిన జుట్టు, తుమ్మ కొమ్మ చివర కూర్చుని పిలుపు. మా నానమ్మ చెప్పిన కథల్లో వాన చినుకు తప్ప తాగని పిట్ట అదే. పాత మోట బావి మీదికి వంగిన ఈత చెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుంటే, మగది సగం అల్లిన గూటికి తలకిందులుగా వేలాడి రెక్కలు కొడుతూ ఆడదాన్ని పిలుస్తుంది. ఆడది వచ్చి, ముక్కుతో రెండు పోచలు లాగి చూసి, నచ్చక వెళ్లిపోయింది. ఆ మగది అలాగే ఇంకాసేపు వేలాడింది. అది చూస్తూ తడిసిపోయాం. ఈ కాలంలో రేగడి బాట మీదికి కారు తేవద్దు. మట్టి చక్రానికి పట్టి ముద్దవుతుంది, లాగడానికి ట్రాక్టర్ కావాలి. డాంబర్ రోడ్డు మీద దిగి నడవడమే మేలు.

ఆ మొదటిసారి బసలోనే దెబ్బ తిన్నాం. అనంతగిరి చుట్టుపక్కల ఒక ప్రైవేటు రిసార్టు. ప్రకటనలో పక్షుల కిలకిలలు, ప్రకృతి ఒడి అని రాశారు. రాత్రి పన్నెండు దాకా డీజే. తోటంతా ఫ్లడ్ లైట్లు. తెల్లారి అయిదుకు బయల్దేరతాం, ఫ్లాస్కులో టీ పోసివ్వండి అంటే కిచెన్ ఎనిమిదిన్నరకు తెరుస్తామన్నారు. రెండు రాత్రులకు కట్టిన డబ్బులో రెండో రాత్రిది తిరిగి ఇవ్వలేదు. గది శుభ్రంగానే ఉంది, ఈత కొలను ఉంది, పిల్లలతో సరదాగా గడపాలనుకునేవాళ్లకు బాగుండొచ్చు. పిట్టల కోసం పోయేవాళ్లు బుక్ చేసే ముందు రెండే ప్రశ్నలు అడగండి. రాత్రి పాటలు ఎప్పుడు ఆపుతారు? గేటు ఎన్నింటికి తీస్తారు?

తర్వాతిసారి అనంతగిరి మీద టూరిజం వాళ్ల హరిత రిసార్టులో దిగాం. అడవిలోనే ఉంటుంది, మూసీ పుట్టే కొండ అది. పొద్దున వరండాలో నిలబడితేనే చెట్ల పిట్టలు దొరుకుతాయి. పొడుగాటి తెల్ల తోకతో ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ మగది నీటి గుంటలోకి దూకి లేవడం అక్కడే చూశాను. శని, ఆదివారాలు మాత్రం వద్దు. పద్మనాభస్వామి గుడికి వచ్చే భక్తులకు తోడు నగరం నుంచి బైకుల వరస ఉంటుంది. మంగళ, బుధవారాల్లో అదే కొండ వేరుగా ఉంటుంది. కాకపోతే గడ్డి నేలకు అక్కడి నుంచి దూరం. ఏడున్నరకు చేరితే అప్పటికే ఎండ.

చివరికి మాకు కుదిరింది వికారాబాద్‌లో స్టేషన్‌కు దగ్గరగా ఉన్న మామూలు లాడ్జి. మంచం, ఫ్యాను, బకెట్‌లో వేడినీళ్లు. తలుపు గడియ గట్టిది, బాత్‌రూమ్ గదిలోనే. ఆడవాళ్లకు ఇదెందుకు చెప్తున్నానంటే గడ్డి నేల చుట్టుపక్కల ఎక్కడా మరుగుదొడ్డి లేదు. నీళ్లు తక్కువ తాగి ఎండలో తిరిగి నేనొకసారి కళ్లు తిరిగి పడ్డాను. ఇప్పుడు నాలుగు గంటలకోసారి మోమిన్‌పేటకు వచ్చిపోయేలా రోజు వేసుకుంటాం. స్టేషన్ బయట తెల్లారి నాలుగున్నరకే టీ దొరుకుతుంది. లింగంపల్లి నుంచి వికారాబాద్‌కు రైలు, అక్కడి నుంచి ఒకే ఆటో అన్నను రోజంతా మాట్లాడుకుంటాం. ఫోన్‌లో పిలిచే క్యాబ్ ఒకసారి మమ్మల్ని దింపి, తిరుగు బేరం రాదని మా సంచి సహా వెళ్లిపోయింది. సంచి మర్నాడు దొరికింది, ఆ రోజు మాత్రం పోయినట్టే. ఆటో అన్న ఇప్పుడు మాకన్నా ముందే బండి ఆపి, "మేడం, తీగ మీద" అని వేలు చూపిస్తాడు.

దసరాకు ఆ తీగ మీద పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి. కూర్చున్నప్పుడు మట్టిరంగులో కలిసిపోతుంది, రెక్క విప్పితే ఒక్కసారిగా నీలం. కోతకొచ్చిన చేల మీద మిడతల కోసం దిగుతూ లేస్తూ ఉంటుంది. నగరంలో జమ్మి చెట్టు దగ్గర పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్లకు దయచేసి రూపాయి ఇవ్వకండి. ఎగరకుండా దాని రెక్కలు కట్టేస్తారు, జిగురు పూస్తారు. వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. దర్శనం కావాలంటే పొద్దున్నే చేవెళ్ల దారి పట్టండి. ఆ దారి మీద నిజాం కాలం నాటి మర్రిచెట్లున్నాయి, రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తారంటే కాపాడుకోవడానికి జనం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లినవి. పండ్ల కాలంలో ఒక్క మర్రి కింద గంట నిలబడితే పచ్చ పావురాలు, కంసాలి పిట్టలు, తొర్రలో పగిడిగంటెలు. టికెట్టు లేదు, గైడూ అక్కర్లేదు. లారీల హారన్లే బాధ.

కార్తీకం తర్వాత ఎన్కతలకు పిల్లిగద్దలు వస్తాయి. పక్షుల పుస్తకాల్లో హ్యారియర్లు అంటారు. మాంటేగ్యూస్, ప్యాలిడ్ అని రెండు రకాలు, కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల్లో పుట్టి చలికాలానికి మన మిడతలు తినడానికి వస్తాయి. మగది బూడిద రంగు. రెక్క మధ్యలో నల్ల గీత ఉంటే మాంటేగ్యూస్, గీత లేకుండా రెక్క చివర మాత్రమే నలుపు ఉంటే ప్యాలిడ్. గడ్డికి రెండడుగుల పైన, రెక్కలు కొంచెం పైకెత్తి, గాలి మోసుకుపోతున్నట్టు అటూ ఇటూ ఊగుతూ పోతుంది. ఏదో కదిలితే గాల్లోనే మెలి తిరిగి పడుతుంది. డిసెంబరులో ఒక సాయంత్రం పొద్దు గుట్ట వెనక దిగాక ఒక్కొక్కటే రావడం మొదలైంది. చెట్టెక్కవు, నేల మీదే గడ్డిలో పడుకుంటాయి. ఒకటి దిగబోయి మళ్లీ లేచింది, ఇంకో చోటు వెతికింది, ఆఖరికి కాళ్లు చాపి గడ్డిలోకి జారిపోయింది. తొమ్మిది లెక్కపెట్టాను. పదోది చీకట్లో నీడగా వచ్చింది. అప్పుడు తాత మా పక్కనే ఉన్నాడు. నా బైనాక్యులర్ ఇస్తే తిప్పి పట్టుకున్నాడు. సరిచేసి ఇచ్చాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. "మా అయ్య దినాల కెల్లి జూస్తున్న, ఇంత దూరం నుంచి వస్తయని తెల్వదు" అన్నాడు. పొద్దుగూకాక ఆ గడ్డిలో నడవకండి. ఫొటో కోసం లేపితే రాత్రంతా వాటికి చోటు దొరకదు.

1931–32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన తిరిగిన ఈ పొడి నేలల్లో ఎన్నో ఇప్పుడు కాలనీలు. గండిపేట చుట్టూ కొంత మిగిలిందంటే 1996లో వచ్చిన 111 జీవో వల్ల. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో 84 ఊళ్లలో పెద్ద కట్టడాలను అది ఆపింది. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. ఇవన్నీ నీళ్ల కోసం జరిగిన వాదనలు. గడ్డి నేలను అడిగినవాళ్లు తక్కువ. కాగితం మీద అది బంజరు. మంచి ఉద్దేశంతోనే అయినా అలాంటి నేలలో గుంతలు తీసి చెట్లు నాటితే, గడ్డిలో పడుకునే గద్దకూ, గడ్డిలో గుడ్లు పెట్టే పూరేడుకూ ఇల్లు పోయినట్టే. ఈ మాట మొక్కలు నాటేవాళ్లకు చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. అయినా చెప్తూనే ఉన్నాను.

సంక్రాంతి నాటికి జొన్న పాలు పోసుకుంటుంది. రోజీ స్టార్లింగ్‌లు వందలుగా వచ్చి చేను మీద గులాబీ, నలుపు దుప్పటి పరిచినట్టు వాలతాయి. మంచె మీద నిలబడిన ఒక అక్క వడిసెలతో రాయి విసిరితే మొత్తం గుంపు ఒక్క ఒంట్లా తిరిగి పక్క చేనులో దిగింది. పక్క చేను వాళ్ల కేక. నేను మురిసిపోతున్నానని ఆ అక్క నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. "నీకు పిట్ట, మాకు గింజ" అంది. ఆ రోజు కెమెరా లోపల పెట్టేసి ఆమెతో కలిసి డబ్బా కొట్టాను. మధ్యాహ్నం ఆమె పెట్టిన జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, పండుమిర్చి తొక్కు ఈ ఏడాదిలో తిన్న అన్నిటికన్నా మంచి భోజనం.

ఎండాకాలం ఎవరూ పోరు. నన్నడిగితే తప్పక పోవాల్సిన కాలం అదే, కాకపోతే పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే. గడ్డి ఎండి నేల కనిపిస్తుంది, దాక్కునేవన్నీ బయటపడతాయి. బోరు నీళ్లు కారి నిలిచిన చిన్న గుంట దగ్గర కూర్చుంటే ఎనిమిది దాటాక శాండ్‌గ్రౌస్ జంటలు వస్తాయి. మగది పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని ఎగిరిపోతుంది. పిల్లలు ఆ ఈకల్లోంచే నీళ్లు తాగుతాయి.

మే నెల చివర, రోహిణి కార్తెలో, తాత మమ్మల్ని దూరం నుంచే పిలిచాడు. బాటకు ఎడంగా రెండు రాళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. "గొర్లు తొక్కుతయని పెట్టిన" అన్నాడు. రాళ్లకు మూరెడు దూరంలో నేల మీద చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు, సన్నటి కొసలన్నీ లోపలికి పెట్టి. మట్టి రంగు మీద నల్ల మచ్చలు. వేలు పెట్టి చూపించేదాకా నాకవి గులకరాళ్లే. పసుపు తీతువు గూడు. మేం వెనక్కి పోయి తుమ్మ నీడలో కూర్చున్నాం. తల్లి గుంట దాకా నడిచి వెళ్లి, పొట్ట నీళ్లలో ముంచి, మళ్లీ నడిచొచ్చి గుడ్ల మీద కూర్చుంది. చల్లబరచడానికి. పావుగంటకోసారి అదే పని. కూర్చునే ముందు ప్రతిసారీ ఒక కాలితో గుడ్లను కొంచెం సర్దింది.

గూటికి పదిగజాల అవతల కొత్తగా పాతిన తెల్ల హద్దురాయి ఉంది. ఎవరిదని అడిగితే తాత తల అడ్డంగా ఊపాడు.

మృగశిర దాటిన నాలుగో రోజు ఆటో అన్న ఫోన్ చేశాడు. తాత చెప్పమన్నాడట. నాలుగింటిలో మూడు పిల్లలై నడిచి గడ్డిలోకి పోయాయి. ఒక గుడ్డు అలాగే ఉంది.