మా వాడి ఫుట్‌బాల్ హెల్మెట్: అన్నీ బాగున్నాయి, ఆ గాలి ఒక్కటి తప్ప

మా వాడు టెక్సస్‌లో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్, అంటే అవతలివాళ్లని ట్యాకిల్ చేసి (పట్టి పడేసి) ఆపే ఆటగాడు. స్కూలు వాళ్లు హెల్మెట్ ఉచితంగానే ఇస్తారు, అయినా వర్జీనియా టెక్ యూనివర్సిటీ హెల్మెట్లకిచ్చే రేటింగ్‌లో ఐదు స్టార్లు చూసి, కోచ్‌ని అడిగి, సొంత డబ్బుతో వేరేది కొన్నాం. కంపెనీ పేరు చెప్పను. షెల్ (పైన ఉండే గట్టి డిప్ప), బరువు, ఫేస్‌మాస్క్ (ముఖం ముందుండే ఊచల చట్రం) మోడళ్లు వాళ్ల పేజీలోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నా కోపమంతా లోపలి గాలి సంచుల మీద.

ఇందులో ఫోమ్‌తో పాటు గాలి నింపే సంచులుంటాయి. హెల్మెట్ తలకి పెట్టుకున్నాక షెల్ మీదున్న చిన్న కన్నంలో సూది దూర్చి చేతి పంపుతో గాలి కొట్టాలి. సూదికి ముందు గ్లిసరిన్ రాయాలి, పొడి సూది దూరిస్తే వాల్వ్ పాడవుతుంది. సరిపోయిందో లేదో తెలియాలంటే ఫేస్‌మాస్క్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడాలి. నుదుటి చర్మం కూడా హెల్మెట్‌తో పాటే కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులైనట్టు. కొన్న కొత్తలో ఈ ఏర్పాటుని తెగ మెచ్చుకుంటూ తోటి తల్లిదండ్రులకి వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెట్టాను, ఎదిగే పిల్లల తలకి ఇంతకంటే ఏం కావాలి, ఊరికే ప్యాడ్లు మార్చే బాధ లేదు అని. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను, కాకపోతే సెప్టెంబర్ వరకే.

వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు అత్తయ్యగారి మొక్కు ఉందని తిరుమలలో వాడికి గుండు చేయించాం. వాడిది దట్టమైన రింగుల జుట్టు. తిరిగొచ్చి ఆగస్టులో హెల్మెట్ పెడితే లొడలొడలాడింది. గాలి కొట్టాం, సరిపోయింది. తర్వాత జుట్టు పెరిగే కొద్దీ బిగుతవుతోందని, తలనొప్పి వస్తోందని మొదలుపెట్టాడు. కొంచెం గాలి తీస్తే కొన్నాళ్లకి మళ్లీ వదులు. అసలు చిక్కేంటంటే, ఫుట్‌బాల్ ఆడే పిల్లాడు తలనొప్పి అంటే అది బిగుతు వల్లా, దెబ్బ తగలడం వల్లా అన్నది ఇంట్లో కూర్చుని ఎవరు చెప్పగలరు? ఆ సీజనంతా వాడు నుదురు రుద్దుకుంటే చాలు, నాకు టెన్షన్.

నవంబర్‌లో ప్లేఆఫ్ మ్యాచ్. డాలస్ చుట్టుపక్కల ఆగస్టు ప్రాక్టీసులు వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో జరుగుతాయి, ఆ రాత్రి మేం దుప్పట్లు కప్పుకుని స్టాండ్స్‌లో కూర్చున్నాం. వీడు వెచ్చగా ఉన్న లాకర్ రూమ్‌లో గాలి కొట్టించుకుని మైదానంలోకి దిగాడు. చలికి గాలి కుంచించుకుపోతుందని బళ్లో చదువుకున్నదే, హెల్మెట్ తయారు చేసినవాళ్లకి తెలియదా? రెండో క్వార్టర్‌లో మా వాడు, బంతితో పరిగెత్తుతున్న అవతలి జట్టు రన్నింగ్ బ్యాక్‌ని నడుం పట్టుకుని పడేశాడు, నలుగురు మీద పడ్డారు, అందరూ లేచేసరికి వీడి హెల్మెట్ వీడికి రెండు గజాల అవతల ఉంది. గడ్డం పట్టీ బకిల్స్ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. హెల్మెట్ అలా ఊడితే తర్వాతి ప్లేకి బయట కూర్చోవాలన్నది రూలు, కాబట్టి పక్కకి వచ్చాడు. నేను మెట్లు దిగి కంచె దాకా వెళ్లిపోయాను.

ఆటగాళ్ల గాయాలు చూసుకునే స్కూలు ట్రైనర్ వాడి కళ్లలోకి చూసి, స్కోరెంత, కిందటి వారం ఎవరితో ఆడారు అని అడిగి, ఒంటికాలి మీద నిలబెట్టాడు. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అని ఏమాత్రం అనుమానమున్నా ఆ రోజుకి ఆట బంద్, డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మళ్లీ దించకూడదని టెక్సస్‌లో 2011 నుంచి చట్టముంది. అదృష్టం, ఏమీ లేదు. అప్పుడాయన హెల్మెట్ తిరగేసి బొటనవేలితో నొక్కితే వెనక సంచి నిన్నటి పూరీలా చప్పగా అణిగిపోయిందట. ఒక వాల్వ్ మెల్లగా గాలి వదులుతోంది, దానికి చలి తోడైంది.

కంపెనీకి రాస్తే, వాడే ప్రతిసారీ ముందు గాలి చూసుకోమని మాన్యువల్‌లో ఉంది కదా అన్నారు. కొత్త సంచి మాత్రం డబ్బు తీసుకోకుండా పంపారు, మారుస్తే ఇప్పటిదాకా లీకవలేదు.

స్టార్ల సంగతి కూడా చెప్పాలి. వర్జీనియా టెక్ 2011 నుంచి ఇస్తున్న రేటింగ్ బూటకమేం కాదు. బొమ్మ తలకి హెల్మెట్ తొడిగి, రకరకాల చోట్ల వేరువేరు వేగాలతో కొట్టి, తల ఎంత విసురుగా కదిలిందో, ఎంత తిరిగిందో కొలుస్తారు. ఆ బొమ్మకి జుట్టు పెరగదు, మొక్కులుండవు, నవంబర్ చలిలో ఆడదు. పైగా ఏ హెల్మెట్ మీదైనా, ఇది కంకషన్‌ని పూర్తిగా ఆపలేదన్న హెచ్చరిక ఉంటుంది. పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని కొంత తగ్గిస్తుంది, అంతవరకే. 1968లో ఈ ఆటలో తగిలిన దెబ్బలకి 36 మంది చనిపోయారు, 1990లో ఒక్కరూ లేరు. మధ్యలో 1973లో హెల్మెట్లకి ప్రమాణాలు వచ్చిన మాట నిజమే, కానీ 1976లో తలతో గుద్దడాన్ని నిషేధించడం కూడా అంతే పని చేసింది. మా వాడి విషయంలో నేనైతే తల పక్కకి పెట్టి భుజంతో ట్యాకిల్ చేయడం నేర్పిన కోచ్‌కి ఎక్కువ మార్కులు వేస్తాను, సీజన్‌లో ఫుల్ కాంటాక్ట్ ప్రాక్టీసు వారానికి 90 నిమిషాలు మించకూడదన్న టెక్సస్ రూలుకి ఇంకొన్ని.

కొనొచ్చా అంటే, మీ వాడి తల ఆకారం, జుట్టు, మీ ఊరి చలి, మీ స్కూల్లో ట్రైనర్ ఎలాంటివాడు అన్నదాన్ని బట్టి. ఫ్లోరిడాలో ఉండే మా చెల్లెలికైతే కొనుక్కోమనే చెప్పాను. చలి ప్రాంతంలో ఉంటే ఫోమ్‌తోనే సరిపోయే రకాలు ముందు చూడండి. ఇదే కొంటే పంపు, సూదులు బ్యాగులో పెట్టండి, వార్మప్ అయ్యాక మైదానంలోనే ఇంకోసారి గాలి చూడమనండి. సొంత హెల్మెట్ అంటే సీజన్ అయ్యాక రికండిషనింగ్‌కి, అంటే విప్పి శుభ్రం చేసి, పరీక్షించి బాగుచేసేవాళ్లకి, పంపే ఖర్చు కూడా మనదే, పదేళ్లు దాటినవి వాళ్లు తీసుకోరు కూడా. నేనైతే ఈసారి స్కూలుదే వాడమన్నాను. వాడు ససేమిరా అంటున్నాడు, అది కంపు కొడుతుందట.