ఆమేర్ ఉండగా డీగ్ దాకా ఎందుకు?

రాజస్థాన్‌లో ఒక రాజభవనాన్నీ దాని తోటనూ తీరిగ్గా చూడాలనుకునేవారికి ఎవరైనా ముందు చెప్పే పేరు ఆమేర్. జైపూర్‌కు 11 కిలోమీటర్ల దూరంలో ఉండడం వల్ల ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ కలిపి తిప్పే ప్రతి ప్యాకేజీ టూరులోనూ దానికి చోటుంటుంది. డీగ్ పేరు విన్నవారు మనలో తక్కువే. అయినా మథుర, బృందావనం యాత్రకు వెళ్ళే తెలుగువారు చాలామంది తెలియకుండానే దాని పొలిమేర దాకా వెళ్ళి వెనక్కి వస్తుంటారు. గోవర్ధనగిరి ప్రదక్షిణ చేసే ఊరి నుంచి పడమటి దిక్కుగా సుమారు 15 కిలోమీటర్లు వెళితే డీగ్ వస్తుంది. రెండింటిలో ఏది మేలంటే, కట్టడం చూడాలనుకునేవారికి ఆమేర్, తోటలో తిరగాలనుకునేవారికి డీగ్ అని నా అభిప్రాయం.

ఆమేర్ కోటలోని భవనాల నిర్మాణాన్ని 1592లో రాజా మాన్‌సింగ్ మొదలుపెట్టగా, తరువాతివారు, ముఖ్యంగా మొదటి జైసింగ్, దానిని పెంచారు. 1727లో రాజధాని ఇక్కడి నుంచి జైపూర్‌కు తరలిపోయింది. 2013లో రాజస్థాన్ గిరిదుర్గాల్లో ఒకటిగా యునెస్కో జాబితాకెక్కింది. గణేశ్ పోల్ అనే ద్వారం దాటి లోపలికి అడుగుపెడితే ఎడమ పక్క అద్దాల మహలు, కుడి పక్క సుఖ్ నివాస్, మధ్యలో చిన్న తోట కనిపిస్తాయి. గోడలోంచి జారిన నీరు నేల మీది కాలువ గుండా గదిని చల్లబరుస్తూ ఆ తోటలోకి పారే ఏర్పాటు సుఖ్ నివాస్‌లో ఉంది. అద్దాల మహలు దగ్గర అందరూ తలెత్తి పైకప్పును చూస్తారు గాని, అక్కడి ఒక పాలరాతి స్తంభం అడుగున చెక్కిన పువ్వును వంగి చూడడం మరచిపోకూడదు. దాని భాగాలను చేత్తో ఒక్కొక్కటిగా మూసి చూస్తుంటే ఒకసారి చేప తోక, ఒకసారి పడగ విప్పిన పాము, మరోసారి ఏనుగు తొండం, ఇంకోసారి తేలు కనిపిస్తాయి. అయితే ఆ తోట నడవలో నిలబడి చూసేదే గాని తిరిగేది కాదు. కింద మావోటా చెరువులో తివాచీ పరచినట్లుండే కేసర్ క్యారీ కూడా అంతే; దాని అందమంతా కోట మీది నుంచి చూసినప్పుడే తెలుస్తుంది.

డీగ్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ ముందు నీరు, తరువాత తోట, వాటి చుట్టూ భవనాలు. భరత్‌పూర్ జాట్ రాజుల తొలి రాజధాని అది. 18వ శతాబ్దం నడుమ సూరజ్‌మల్ కట్టించిన ఈ భవనాలకు ఒక వైపు గోపాల్ సాగర్, మరొక వైపు రూప్ సాగర్ అనే చెరువులు ఉండగా, మధ్యలో మొగలాయి పద్ధతిలో నాలుగు భాగాలుగా విభజించిన తోట పరుచుకొని ఉంటుంది. లేత పసుపు ఇసుకరాతితో కట్టిన గోపాల్ భవన్‌ను తోట వైపు నుంచి చూస్తే మామూలు మేడలాగే ఉంటుంది గాని, చెరువు వైపు నుంచి చూస్తే కింది అంతస్తులు నీటిలో కాళ్ళు దించినట్లు కనిపిస్తాయి. దానికి రెండు పక్కలా శ్రావణ, భాద్రపద మాసాల పేర్లతో సావన్, భాదోన్ అనే మండపాలున్నాయి. బోర్లించిన పడవల్లాంటి పైకప్పులు వాటివి. ఎదురుగా ఉన్న పాలరాతి ఉయ్యాల పీఠాన్ని ఢిల్లీ దండయాత్రలో కొల్లగొట్టి తెచ్చారని చెబుతారు.

వానకు మొహం వాచిన నేల మీది రాజు వానాకాలాన్నే కట్టించుకోవాలనుకున్నాడు కాబోలు. కేశవ్ భవన్ పైకప్పులో రాతి గుండ్లను అమర్చి, నీటి ఒత్తిడికి అవి దొర్లినప్పుడు ఉరుము ఉరిమినట్లు వినిపించేలా చేశారు. తోరణాల మీది నుంచి నీరు చినుకులుగా కురిసేది. తోటలోని వందలాది ఫౌంటెన్లకు నీరిచ్చేది మేడ మీది పెద్ద తొట్టి. ఎద్దులతో మోట తోలించి దానిని నింపేవారు. తొట్టి గోడలో వరుసగా రంధ్రాలు, ఒక్కొక్కదానికి ఒక గొట్టం, ఒక బిరడా ఉంటాయి. బిరడా తీస్తే దానికి చెందిన ఫౌంటెన్ చిమ్ముతుంది. గొట్టంలో రంగుపొడి కట్టిన గుడ్డ మూటను పెడితే చిమ్మే నీరు రంగులీనుతుంది. గోల్కొండలో మట్టి గొట్టాల గుండా కొండ మీదికి నీళ్ళు ఎక్కించిన తీరు చూసి వచ్చినవారికి ఈ తొట్టి దగ్గర ఒక గంట ఇట్టే గడిచిపోతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఫౌంటెన్లు రోజూ ఆడవు. ఏడాదిలో ఉత్సవాల సమయంలో మాత్రమే, కొద్ది రోజులు వదులుతారు. నేను వెళ్ళింది డిసెంబరులో. గొట్టాలు ఎండిపోయి ఉన్నాయి, తొట్టి అడుగున రాలిన ఆకులు తప్ప ఏమీ లేవు, చెరువులో నీరు ఆకుపచ్చగా పేరుకొని ఉంది. ఆ స్థితిలో డీగ్‌ను మెచ్చుకోవడానికి కాస్త ఊహ కావాలి. పిల్లలను తీసుకువెళితే వారి ముఖాలు చిన్నబోవడం ఖాయం. ఆమేర్ ఏ నెలలో వెళ్ళినా నిరాశపరచదు. అందుచేత డీగ్‌కు వెళ్ళదలచినవారు వానలు పడి చెరువులు నిండిన భాద్రపదంలోనో, ఫౌంటెన్లు వదిలే రోజులు కనుక్కొనో వెళ్ళడం మంచిది.

జనం సంగతికొస్తే పోలికే లేదు. ఆమేర్‌లో ఉదయం ఎనిమిదింటికి తలుపు తీయగానే వెళ్ళినవారికి గంటసేపు ప్రశాంతత దక్కుతుంది, ఆ తరువాత అద్దాల మహలు ముందు సెల్ఫీల వరుసే. పైగా ఎక్కుడు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని జీపులో పైదాకా తీసుకువెళ్ళినా లోపల మెట్లు తప్పవు. డీగ్ తోట చదునుగా ఉంటుంది, మామిడి చెట్ల నీడన అమ్మను కూర్చోబెట్టి మనం తిరిగి రావచ్చు. మంచి హోటళ్ళు ఆ చిన్న ఊళ్ళో ఆశించకూడదు కనుక బసను మథురలోనో భరత్‌పూర్‌లోనో పెట్టుకోవాలి. రెండూ 40 కిలోమీటర్ల లోపే. భరత్‌పూర్‌లో దిగితే మర్నాడు ఉదయం కేవలాదేవ్ పక్షుల అభయారణ్యం కూడా కలిసివస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: డీగ్ భవనాలకు శుక్రవారం సెలవు.