కూబర్ పీడీ: కారవాన్ పైన, పడక కింద

ముందే చెప్పేస్తాను. కూబర్ పీడీ వెళ్తే కారవాన్‌ను, అంటే ఆ చక్రాల మీది గదిని, కారవాన్లు నిలిపే పార్కులో వదిలేసి, ఒక్క రాత్రికైనా భూమి కింద గది తీసుకోండి. కారవాన్ పెట్టుకున్న స్థలానికి కట్టినదానికి మూడు రెట్ల పైనే అయింది మాకు. అయినా ఆ ప్రయాణం మొత్తంలో ఇచ్చినందుకు మనసు గుంజని డబ్బు అదొక్కటే.

మా అమ్మాయి వాళ్లుండేది ఆస్ట్రేలియాలో, అడిలైడ్. సెప్టెంబరు చివర మనవళ్లకు బడి సెలవులిచ్చారు. అల్లుడు కారు వెనక తగిలించుకునే కారవాన్ అద్దెకు తెచ్చాడు. అక్కణ్నుంచి ఉత్తరంగా సుమారు 850 కిలోమీటర్లు వెళ్తే ఒపల్ అనే రంగురాళ్ల గనుల ఊరు, ఈ కూబర్ పీడీ. పోర్ట్ అగస్టా దగ్గర స్టువర్ట్ హైవే ఎక్కాక ఇక ఎర్రమట్టి, పొదలు, అంతే. గ్లెండాంబోలో పెట్రోలు పోయించుకున్నాం. ఆ తర్వాత 250 కిలోమీటర్ల దాకా బంకు లేదు. బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో నందిగామ, కోదాడ, సూర్యాపేట ఏవీ లేవనుకోండి, టీ కొట్టు కూడా లేదనుకోండి, అలా ఉంటుంది. మూడేసి ట్రైలర్లు లాక్కొచ్చే రోడ్ ట్రెయిన్లనే లారీలు, కొన్ని 50 మీటర్లు దాటినవి, పక్కనుంచి పోయినప్పుడల్లా కారవాన్ ఊగిపోతుంది. చీకటి పడే వేళకు కంగారూలు రోడ్డు మీదకొస్తాయని అల్లుడు పొద్దువాలాక బండి నడపలేదు. మంచి పని చేశాడు.

కారవాన్ సంగతి. పడకలు మెత్తగా ఉన్నాయి, పప్పు, చారు వండుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ పైకప్పు కిటికీ రబ్బరు అరిగిపోయింది. ఊరు చేరేసరికి దుప్పట్ల మీద, గిన్నెల్లో, కందిపొడి డబ్బా మూత మీద అంతా ఎర్ర దుమ్ము. అద్దెకిచ్చిన వాళ్లకు ఫోన్ చేస్తే, ఎడారిలో దుమ్ము ఉండదా అన్నారు. ఎడారికే వెళ్తున్నామని చెప్పి మరీ తీసుకున్న బండి అది! మీరు తీసుకునేటప్పుడు కిటికీల రబ్బర్లు వేలితో తడిమి చూడండి. అయిదుకు రెండు మార్కులు, అదీ పొయ్యి సరిగ్గా వెలిగినందుకు.

పార్కులో గడ్డిపోచ లేదు. నేల ఎంత గట్టిదంటే పందిరి గుడ్డకు మేకులు దిగలేదు. ఊరికి నీళ్లు 24 కిలోమీటర్ల అవతలి బోరు నుంచి తెచ్చి, ఉప్పు తీసి ఇస్తారు, అందుకే నీళ్లంటే ప్రాణం. స్నానాల గదిలో నాణెం వేస్తేనే షవర్ వస్తుంది. "అత్తయ్యా, రెండో నాణెం చేతికందేట్టు పెట్టుకోండి, ఒంటి మీద సబ్బుండగా ఆగిపోతుంది" అని అల్లుడు జాగ్రత్త చెప్పి పంపించాడు. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, నాకిది కొత్త. మధ్యాహ్నం కారవాన్ లోపల ఉడికిపోయాం. రాత్రి గాలి, చలి. ఏసీ వేయాలో రగ్గు కప్పుకోవాలో తెలియక ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు.

మర్నాడు కొండ పక్కన తవ్విన గదిలోకి మారాం. అక్కడి వాళ్లు డగౌట్ అంటారు. గుమ్మం దాటి పది అడుగులు వేస్తే ఎండ, గాలి రెండూ ఆగిపోయాయి. ఏసీ లేదు, హీటర్ లేదు, ఏడాది పొడుగునా లోపల 23 నుంచి 25 డిగ్రీలే. బయట వేసవిలో 45 దాటుతుందట. గోడలకు సిమెంటు పూయరు. తవ్వే యంత్రం పళ్ల గాట్లు గుండ్రంగా అలాగే ఉంటాయి, ఎర్రరాయిలో తెల్ల చారలతో. దుమ్ము రాలకుండా పైన ఏదో పూత పూశారు. గాలికి కప్పులోంచి పైకి గొట్టం. కిటికీ ఉండదు కాబట్టి లైటు తీస్తే మన చెయ్యి మనకు కనపడదు. చిన్న మనవడు మొదట ఏడ్చాడు, బాత్‌రూమ్ లైటు వేసి ఉంచాం. ఫోన్ సిగ్నల్ కూడా రాదు. నాకైతే అదీ మంచిదే అనిపించింది. మూసిన గదుల్లో ఊపిరాడనట్టుండే వాళ్లు మాత్రం గది ముందు చూసుకుని ఒప్పుకోండి.

ఉమూనా మ్యూజియంలో గని చూపించారు. 1915లో బంగారం కోసం తిరుగుతున్న బృందంలో ఉన్న విల్లీ హచిసన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇక్కడ ఒపల్ దొరికిందట. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికులు కందకాల్లో బతికిన అలవాటుతో ఇలా నేలలో ఇళ్లు తవ్వుకున్నారని గైడ్ చెప్పాడు. ఓల్డ్ టైమర్స్ మైన్ ఇంకా నచ్చింది. 1916లో చేత్తో తవ్వి, పూడ్చేసిన గని. 1968లో ఎవరో తమ భూగర్భ ఇల్లు పెంచుకుంటుంటే బయటపడింది. ఊరి చుట్టూ తెరిచి వదిలేసిన గని గోతులు లెక్కలేనన్ని. వెనక్కి నడవకండి అని బోర్డులు పెట్టారు, ఫొటోల కోసం వెనక్కి జరిగే వాళ్లకన్నమాట. పిల్లల చెయ్యి వదలొద్దు. భూమి కింద చర్చిలు, గడ్డి లేని గోల్ఫ్ మైదానం కూడా ఉన్నాయి. చర్చి చూడొచ్చు, గోల్ఫ్ మైదానం మా అల్లుడికి వదిలేశాను.

ఇక కొనుగోళ్లు. మా చెల్లెలికి సిద్ధాంతిగారు శుక్రుడికి వజ్రం బదులు ఒపల్ పెట్టుకోమన్నారు, కాబట్టి నేను ఊరికే చూసి రాలేను కదా. దుకాణంలో మూడు రకాలు చూపిస్తారు: సాలిడ్ అంటే మొత్తం ఒపలే. డబ్లెట్ అంటే పల్చటి ఒపల్ ముక్కకు వెనక నల్లటి రాయి అతికించింది. ట్రిప్లెట్‌కు పైన గాజో స్ఫటికమో కూడా అతికిస్తారు. పైనుంచి చూస్తే అతికించినవే ఎక్కువ మెరుస్తాయి, పడిపోకండి. రాయిని పక్కకు తిప్పి చూడండి, తిన్నగా గీతలా అతుకు కనిపిస్తుంది. ఉంగరంలో బిగించేశాక అది కనపడదు, అందుకే విడి రాయి కొనడం మేలు. అతికించినవి నీళ్లలో నానితే లోపలికి తేమ పోయి మసకబారతాయి, గిన్నెలు తోముకునే చేతికి పనికిరావు. నేను చిన్నదైనా సాలిడే తీసుకుని, బిల్లు మీద ఆ మాట రాయించుకున్నాను. దుకాణంలో ఆవిడ విసుక్కోకుండా రాసిచ్చింది.