లిథియాలిన్ గాజు కోసం నోవీ బోర్ వెళ్తే ఒక రాత్రి ఉండండి

చెక్ దేశంలోని బొహీమియా ప్రాంతపు గాజును ప్రాగ్ దుకాణాల్లో చూసి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. రాయిలా కనిపించే లిథియాలిన్ గాజు మీద ఇష్టం ఉంటే మాత్రం ఉత్తరాన ఉన్న నోవీ బోర్ అనే ఊరి దాకా వెళ్లాల్సిందే. చెస్కా లీపా మీదుగా రైలు ఉంది.

అప్పట్లో హైదా అని పిలిచిన ఈ ఊళ్లోనే ఫ్రీడ్రిఖ్ ఎగర్‌మన్ అనే గాజు పనివాడు 1820ల చివర్లో లిథియాలిన్ తయారు చేశాడు. వెలుగు దూరని రంగు గాజు మీద లోహ లవణాలు పూసి కొలిమిలో కాల్చేవారు. ఆ రంగు పైపొరలోకి ఇంకుతుంది. తర్వాత సానపట్టి వెడల్పాటి పలకలు (చదునైన ముఖాలు) తీస్తే, ఎంత లోతుకు కోస్తే అంత కింది రంగు బయటపడుతుంది. అచ్చం అగేట్, జాస్పర్ రాళ్లలో చారల్లాగే! ఫొటోల్లో ఇది బొత్తిగా తెలియదు. చౌక్‌లో ఉన్న గాజు మ్యూజియంలో అద్దాల బీరువా చుట్టూ తిరుగుతూ చూడాలి. ఒక్కో పలక మీద ఒక్కో రంగు తేలుతుంది.

కౌంట్ బుకోయ్ అనే ప్రభువు దక్షిణ బొహీమియాలో చేయించిన హయాలిత్ అనే నల్ల గాజు ఇంకా ముందుది, 1817 నాటిది. నలుపు మీద బంగారు బొమ్మలు చాలా అందంగా ఉంటాయి. అయినా నా ఓటు లిథియాలిన్‌కే, ఏ రెండు పాత్రలూ ఒకేలా ఉండవు కాబట్టి.

మేం దిగిన చిన్న గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగా ఉంది కానీ, తాళం ఇచ్చే మనిషి కోసం చలిలో చాలాసేపు నిలబడ్డాం. కాస్త టెన్షన్ పడ్డాం కూడా. ఎన్నింటికి వస్తారో ముందే ఫోన్ చేసి చెప్పండి. ఊళ్లో ఒక రెస్టారెంట్‌లో భోజనం చేస్తూనే పనివాళ్లు గాజు ఊదడం చూడొచ్చు. దానికోసమే సాయంత్రం అక్కడ ఉండాలి. శాకాహారులకు వేయించిన చీజ్, బంగాళాదుంపలే ఎక్కువగా దొరుకుతాయి. పచ్చడి సీసా వెంట ఉంటే మేలు.

జర్మనీలోని పాసౌలో, వైల్డర్ మాన్ హోటల్ భవనంలో, ఇంకా పెద్ద గాజు మ్యూజియం ఉంది. 1985లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రారంభించాడు. బొహీమియా గాజు వేలకొద్దీ ఉంది, కానీ అంతా ఒక్కసారే చూసేసరికి కళ్లు అలిసిపోతాయి. పాసౌ రెండోసారికి ఉంచుకోండి.

పాత లిథియాలిన్ అని ఎవరైనా అమ్మజూపితే ఆధారాలు లేకుండా కొనకండి. చెక్ మ్యూజియాలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి, మంగళవారం నుంచి ప్లాన్ చేసుకోండి. ఇంకో పూట దొరికితే పక్కనే ఉన్న కమెనిట్స్కీ షెనోవ్ గాజు మ్యూజియం కూడా చూడండి.