హాలోవీన్ రాత్రికి ఏది మేలు: చెక్కిన గుమ్మడికాయా, రంగేసినదా, ఖాళీ పాల క్యాన్లా?

హాలోవీన్ సందడంతా రాత్రిపూటే. అక్టోబరు 31న చీకటి పడ్డాక మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరిగే పిల్లలు మీ గుమ్మం ఎక్కాలంటే ముందు అక్కడ వెలుగు కనబడాలి. ఆ లెక్కన, తక్కువ ఖర్చులో పని అయిపోవాలంటే ఖాళీ పాల క్యాన్లే మేలు. అమెరికాలో ఉంటూ పెరుగు ఇంట్లోనే తోడుపెట్టుకునే తెలుగు కుటుంబాలకి గ్యాలన్ ప్లాస్టిక్ క్యాన్లు ఎలాగూ పోగవుతాయి.

ముఖం చెక్కి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ అందం వేరు, కాదనలేం. చిక్కల్లా ఆయుష్షుతోనే. కోసిన చోట తేమ ఆరిపోయి కళ్లూ నోరూ లోపలికి ముడుచుకుంటాయి, ఆ వెంటనే బూజు. చల్లటి ఊళ్లో వారం దాకా ఆగొచ్చు గానీ డల్లాస్, హ్యూస్టన్ ఎండకి రెండు మూడు రోజులే. అక్కడైతే 30కి ముందు కత్తి పట్టకండి. మూత పైనుంచి కాకుండా అడుగునుంచి కోస్తే తొడిమ చెక్కుచెదరదు, కాయని దీపం మీద బోర్లిస్తే సరిపోతుంది. ముఖం చెక్కే వైపు గోడ అంగుళం మందం ఉండేలా గీకాలి. అంతకన్నా పల్చనైతే కూలబడుతుంది, మందమైతే కత్తి తిరగదు. గ్యాలన్ నీళ్లలో టేబుల్‌స్పూన్ బ్లీచ్ కలిపి పావుగంట ముంచి, బోర్లించి ఆరబెడితే బూజు కాస్త ఆలస్యమవుతుంది. కోసిన అంచులకి వాజిలిన్ రాస్తే త్వరగా ఎండిపోవు. అలా రాస్తే లోపల కొవ్వొత్తి వద్దు, ఎల్‌ఈడీ దీపమే పెట్టండి.

రంగేసిన కాయ నెల ముందే పెట్టుకోవచ్చు. కోత లేదు కాబట్టి నీడలో వారాల తరబడి ఉంటుంది. తుడిచి, బాగా ఆరాక అక్రిలిక్ రంగు రెండు పూతలు. కత్తి పని లేదు, చిన్న పిల్లలున్న ఇంటికి ఇదే సుఖం. చీకటి పడితే మాత్రం ఎదురుగా లైటు వేస్తే తప్ప కనబడదు.

ఇక పాల క్యాన్లు. తెల్లగా, వెలుగు దూరేలా ఉన్నవే తీసుకోండి. వేడి నీళ్లు పోస్తే లేబుల్ జిగురు వదులుతుంది. బేకింగ్ సోడా నీళ్లతో ఒక రాత్రి నానబెట్టకపోతే పులిసిన పాల వాసన పోదు. ముఖం గీసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: గుమ్మడికాయలో కళ్లు వెలుగుతాయి, క్యాన్‌లో కళ్లు చీకటిగా ఉండి చుట్టూ అంతా వెలుగుతుంది. సన్నటి గీతలు వీధిలోంచి ఆనవు. కోడిగుడ్డంత కళ్లు, అంతకన్నా పెద్ద నోరు కావాలి. మార్కర్ ఒక పూతే వేస్తే లోపలి లైటుకి గోధుమరంగులోకి తిరుగుతుంది. నల్ల ఇన్సులేషన్ టేపు కత్తిరించి అంటిస్తే ఆ బాధ లేదు. అక్రిలిక్ రంగు ఈ ప్లాస్టిక్ మీద నిలవదు, పొరలుగా ఊడుతుంది.

వెనకవైపు, అడుగుకి కాస్త పైన రెండంగుళాల కన్నం చేయండి. వంద బల్బుల సీరియల్ సెట్టు ఒకటి ఎనిమిది క్యాన్లకి వస్తుంది. ఒక్కో దానిలో తొమ్మిది బల్బులు దూర్చి, తర్వాతి క్యాన్‌కి మధ్య మూడు బయట వదలాలి. ఉన్నవన్నీ లోపలే కుక్కితే క్యాన్లు ఒకదానికొకటి అతుక్కుని నిలబడతాయి, దారి పొడవునా రావు. ఆరుబయట వాడదగిన ఎల్‌ఈడీ సెట్టే కొనండి. గాలికి దొర్లకుండా ఒక్కో దాంట్లో రెండు కప్పుల గులకరాళ్లు వేయాలి. కరెంటు తీగ ఉంది కాబట్టి బరువు కోసం నీళ్లు పోయకూడదు. కొవ్వొత్తి పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది.

ఖర్చంతా లైట్ల సెట్టే, అదీ వృథా కాదు. 2026లో దీపావళి నవంబరు 8న, అదే సెట్టు బాల్కనీకి ఎక్కుతుంది. గుమ్మడికాయే కావాలనుకుంటే పులుసు ఆశతో పెద్దది కొనకండి. చెక్కడానికి అమ్మే కాయ నీరునీరుగా, పీచుగా, చప్పగా ఉంటుంది. వంటకి ‘పై పంప్కిన్’ అని అమ్మే చిన్న కాయే బాగుంటుంది, అదీ కోయనిది, రంగు వేయనిది అయితేనే.