మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్: ఊపిరితిత్తులకు ఏది ముప్పు?

రుమటాయిడ్ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాయగానే "ఊపిరితిత్తులు పాడవుతాయట" అని టెన్షన్ పడతారు. భయం పూర్తిగా ఉత్తది కాదు. అరుదుగా, ఎక్కువగా మొదటి ఏడాదిలో, పొడిదగ్గు, జ్వరం, ఆయాసంతో న్యుమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) రావచ్చు. అప్పుడు మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌ని కలవాలి. కానీ ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడే జబ్బు కీళ్లవాతం వల్లే వస్తుంది. మెథోట్రెక్సేట్ దాన్ని పెంచుతున్నట్టు ఇటీవలి అధ్యయనాల్లో తేలలేదు.

అందుకే, ఇదే కీళ్లవాతానికి ఇచ్చే మరో మందు లెఫ్లునమైడ్ "సేఫ్" అని మారిపోవడం నాకు నచ్చదు. 2003లో జపాన్‌లో అది వచ్చాక ఊపిరితిత్తుల వాపు కేసులు, మరణాలు కూడా బయటపడ్డాయి. అప్పటికే ఊపిరితిత్తుల్లో తేడా ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. పైగా మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, ఇదేమో రోజూ. ఆపేసినా నెలల తరబడి ఒంట్లోనే తిష్ఠ వేస్తుంది. తొందరగా బయటికి పంపాలంటే కొలెస్టిరమిన్ పొడి నీళ్లలో కలిపి తాగించాలి.